డివిజన్ ఎన్నికలో అభ్యర్థి మతం: ఏది విమర్శ, ఏది వివక్ష

విజయవాడ నగరపాలక సంస్థలో 64 డివిజన్లు, గుంటూరులో 57. ఒక్కో డివిజన్ అంటే కొన్ని వీధులు, కొన్ని పోలింగ్ కేంద్రాలు, అంతే. అసెంబ్లీకి పోటీ చేసే మనిషిని చాలామంది ఫ్లెక్సీ మీదే చూస్తారు. కార్పొరేటర్‌గా నిలబడే మనిషి సంగతి అలా కాదు. ఇల్లెక్కడో, పిల్లలు ఏ స్కూల్లో చదువుతున్నారో, ఆదివారం పొద్దున ఎక్కడికి బయల్దేరతారో, శుక్రవారం మధ్యాహ్నం షాపు షట్టర్ ఎందుకు దించుతారో వీధి మొత్తానికి తెలుసు. అందుకే స్థానిక ఎన్నికల్లో మతం మాట పార్టీ ఆఫీసు నుంచి రానక్కర్లేదు. టీ కొట్టు దగ్గరా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ దానంతటదే మొదలవుతుంది.

అలా మొదలైన మాట ఎక్కువగా రెండు రకాలుగా వినిపిస్తుంది. "ఆయన మనవాడు కాదుగా, మన వీధి గోల ఆయనకెందుకు?" అన్నది ఒకటి. కాలువలో పూడిక ఎందుకు తీయించలేదని అడిగినప్పుడు అభ్యర్థి మనుషులు ఇచ్చే జవాబు రెండోది: "మావాడి మతం చూసే ఇన్ని మాటలంటున్నారు." వినడానికి ఇవి ఎదురెదురు వాదనలు. చేసే పని మాత్రం ఒకటే. ఐదేళ్లలో ఆ మనిషి కౌన్సిల్లో ఏం చేశాడన్న చర్చను రెండూ మొదట్లోనే ఆపేస్తాయి. అలాగని రెంటి బరువూ సమానం అనడం సరికాదు. రెండోది ఒక మనిషి వైఫల్యాన్ని కప్పిపుచ్చుతుంది. మొదటిది ఆ మతంలో పుట్టిన ప్రతి ఒక్కరినీ ఆ వీధికి ప్రతినిధిగా పనికిరారని తేల్చేస్తుంది.

పైగా పేరు చూసి మతాన్ని, మతం చూసి మనిషిని అంచనా వేసే పద్ధతి ఈ ప్రాంతంలో అడుగడుగునా తప్పుతుంది. గుంటూరులో కాలే మస్తాన్ షా దర్గాకు మొక్కుకుని పిల్లలకు మస్తాన్‌రావు, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలు చాలా ఉన్నాయి. నాగూర్, సైదులు లాంటి పేర్లూ అలా వచ్చినవే. వెంకటేశ్వరరావు అన్న పేరుతో ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు కొండెక్కే జనంలో హిందువులు తక్కువేం ఉండరు. నామినేషన్ల జాబితా చేతికందగానే పేర్లు చదువుతూ "వీళ్లు ఎంతమంది, వాళ్లు ఎంతమంది" అని లెక్క వేసేవాళ్లు ఆ లెక్కను సరిగ్గా వేయడం కూడా కష్టమే.

ఈ రెండు నగరాల ఓటర్ల చరిత్ర కూడా ఆ లెక్కకు లొంగేది కాదు. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ కొలువైన విజయవాడలో కార్పొరేషన్ ఏర్పడ్డాక 1981లో తొలి మేయర్ అయినవారు సీపీఐ నాయకుడు టి. వెంకటేశ్వరరావు. దేవుణ్ణి నమ్మని సిద్ధాంతం ఉన్న పార్టీకి ఈ భక్తుల నగరం మేయర్ పీఠం అప్పగించింది. గుంటూరు లోక్‌సభ స్థానం నుంచి 1991లో తెలుగుదేశం అభ్యర్థిగా లాల్‌జాన్ బాషా గెలిచారు. గుంటూరు తూర్పు అసెంబ్లీ స్థానం ఇంకా మంచి ఉదాహరణ. 2014, 2019 ఎన్నికల్లో అక్కడ వైసీపీ తరఫున మహమ్మద్ ముస్తఫా గెలిచారు. 2024లో తెలుగుదేశం అభ్యర్థి మహమ్మద్ నసీర్ అహ్మద్ గెలిచారు. 2024లో రెండు ప్రధాన పక్షాలూ ముస్లిం అభ్యర్థులనే నిలబెట్టాయి కాబట్టి, ఫలితం ఎందుకు మారిందన్న ప్రశ్నకు మతం జవాబు కాలేదు. అభ్యర్థి మతం ఏదైనా ఓటరు మనసులో ఇంకేవో లెక్కలు ఉంటాయని అక్కడ తేటగా కనిపిస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1909 మింటో–మార్లే సంస్కరణలతో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. ఆ స్థానాలకు ముస్లిం ఓటర్లే ఓటేసేవారు. రాజ్యాంగం రాసినవాళ్లు ఆ పద్ధతిని వద్దనుకున్నారు. 325వ అధికరణం ప్రకారం నియోజకవర్గానికి ఒకే ఓటర్ల జాబితా ఉంటుంది, మతం కారణంగా ఎవరి పేరునూ అందులోంచి తప్పించకూడదు. విజయవాడ వించిపేటలో గెలిచినా గుంటూరు బ్రాడీపేటలో గెలిచినా ఆ మనిషి అక్కడి అందరి ప్రతినిధి అన్న భావన దీని వెనక ఉంది.

పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలకు వర్తించే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్ మతం పేరుతో ఓటు అడగడాన్ని, ఫలానావారికి ఓటేయవద్దని చెప్పడాన్ని అవినీతి చర్యగా చూస్తుంది. ఎవరి మతం అన్న దాని మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది. అభ్యర్థి మతమేనా, ఓటరు మతం కూడా వస్తుందా? 1990 నాటి మహారాష్ట్ర ఎన్నికకు సంబంధించిన అభిరామ్ సింగ్ కేసులో 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం దీన్ని తేల్చింది. అభ్యర్థి, ప్రత్యర్థి, ఏజెంటు, ఓటరు, వీళ్లలో ఎవరి మతాన్ని వాడుకుని ఓటడిగినా తప్పేనని నలుగురు, అంత దూరం వెళ్లకూడదని ముగ్గురు అన్నారు. మెజారిటీ వైపున్న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గుంటూరు జిల్లా కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టినవారే. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్ మాటలోనూ బలం ఉంది. మతం వల్ల, కులం వల్ల నష్టపోయినవాళ్లు తమ కష్టాన్ని ఎన్నికల్లో చర్చకు పెట్టకుండా చట్టం నోరు నొక్కకూడదన్నది ఆయన వాదన సారం.

మున్సిపల్, పంచాయతీ ఎన్నికలకు వేరే రాష్ట్ర చట్టాలున్నాయి. వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, ప్రవర్తనా నియమావళి ఇచ్చేదీ అదే. మతం పేరుతో ఓటడగకూడదన్న నియమం ఇక్కడా ఉంది. ఎన్నికల నియమావళిలో అందరికీ గుర్తుండేది గుడిని, మసీదును, చర్చిని ప్రచార వేదిక చేయకూడదన్న మాట. దానికంటే ముందే ఇంకో ముఖ్యమైన మాట ఉంటుంది. ఎదుటివాళ్ల మీద విమర్శ వాళ్ల విధానాలకు, కార్యక్రమాలకు, గతంలో చేసిన పనికి పరిమితం కావాలి. ప్రజా జీవితంతో సంబంధం లేని సొంత విషయాల జోలికి పోకూడదు. రుజువు లేని ఆరోపణలు చేయకూడదు. న్యాయమైన విమర్శ అంటే ఏమిటో చెప్పడానికి పెద్ద తీర్పుల కన్నా ఈ మూడు వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి.

కార్పొరేటర్ చేతిలో ఉండే పనులు ఏమిటి? తాగునీరు, డ్రైనేజీ, వీధి దీపాలు, రోడ్లు, పార్కులు, శ్మశానాలు, ఆస్తి పన్ను, కౌన్సిల్ సమావేశంలో చర్చ, ఓటు. చెత్త పన్ను వేసినప్పుడు ఏం మాట్లాడారు, ఆస్తి పన్ను లెక్క మారినప్పుడు ఎటు ఓటేశారు, సమావేశాలకు వచ్చారా లేదా అన్న ప్రశ్నలకు అభ్యర్థి ఏ దేవుణ్ణి కొలుస్తారన్న దానితో సంబంధం లేదు. కానీ కార్పొరేషన్ పనుల్లో కొన్నిటికి మతంతో నేరుగా ముడి ఉంటుంది. తకరారు వచ్చేది అక్కడే.

విజయవాడలో 2016 కృష్ణా పుష్కరాలకు ముందు రోడ్ల విస్తరణ, అభివృద్ధి పనుల కోసం చాలా గుళ్లు తొలగించారు. కృష్ణా తీరంలోని శనైశ్చరాలయం వాటిలో ఒకటి. జనం బాధపడ్డారు, నిరసనలు జరిగాయి, ఆ మాట తర్వాతి ఎన్నికల దాకా నడిచింది. 2021 జనవరి 8న తొమ్మిది గుళ్ల పునర్నిర్మాణానికి అప్పటి ముఖ్యమంత్రి జగన్ శంకుస్థాపన చేశారు. ఈ విషయంలో విమర్శకు కావలసినంత చోటుంది. ముందుగా నోటీసు ఇచ్చారా? అర్చకులతో, భక్తులతో మాట్లాడారా? విగ్రహాలను ఎక్కడికి తరలించారు? ప్రత్యామ్నాయ స్థలం చూపించారా? గుడిని తప్పించి రోడ్డు వేసే దారి ప్లానులో లేదా? ఇవన్నీ గట్టిగా, కోపంగా కూడా అడగవచ్చు. రేపు రోడ్డు కోసం ఒక దర్గానో ప్రార్థనా మందిరాన్నో తీయాల్సి వస్తే ఇవే ప్రశ్నలు అక్కడా అడగాలి. అధికారంలో ఉన్నవాళ్ల మతమో, వాళ్ల భక్తి లోపమో ఈ పని చేయించిందని అంటే మాత్రం లెక్క కుదరదు. 2016లో రాష్ట్ర ప్రభుత్వంలో బీజేపీ భాగస్వామి, దేవాదాయ మంత్రి ఆ పార్టీకి చెందిన పైడికొండల మాణిక్యాలరావు. జరిగింది పరిపాలనలో తొందరపాటు. దాన్ని అలా అడిగితేనే జవాబుదారీ ఎవరో తేలుతుంది.

2020 సెప్టెంబరులో దుర్గగుడి వెండి రథం మీద ఉండాల్సిన సింహాల ప్రతిమలు మూడు కనబడలేదు. అడగాల్సింది దేవస్థానం భద్రత గురించి. కెమెరాలు పనిచేస్తున్నాయా, వెండి, బంగారం లెక్కల రిజిస్టరు ఎవరి దగ్గరుంది, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది? కొందరు ఈ ప్రశ్నలు అడిగారు కూడా. కానీ అప్పటి ముఖ్యమంత్రి మతం చర్చలోకి రాగానే వాటికి జవాబు చెప్పాల్సిన అధికారులు పక్కకు తప్పుకోగలిగారు. తర్వాత పోలీసులు ఒక దొంగను అరెస్టు చేశారు. మతం మాట రాకుండా ఉండి ఉంటే భద్రతా లోపం మీద ఒత్తిడి ఇంకా పెరిగేది. మతం చూసి చేసే ఆరోపణ అవతలి మనిషికి అన్యాయం చేయడంతో ఆగదు. అసలు బాధ్యులకు తప్పించుకునే దారి కూడా చూపిస్తుంది.

గుంటూరులో 2018 మార్చిలో ఆనందపేట, పాత గుంటూరు ప్రాంతాల్లో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. ఆనందపేటలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. అప్పుడు కార్పొరేటర్‌ను నిలదీద్దామన్నా కార్పొరేటర్ లేడు. 2010లో పాలకవర్గం గడువు తీరాక 2021 ఎన్నికల దాకా గుంటూరులో ఎన్నికైన కౌన్సిలే లేదు. "మా పేట కాబట్టే పాత పైపులు మార్చలేదు" అని అక్కడివాళ్లు అంటే దాన్ని మతం రెచ్చగొట్టడంగా చూడడం పొరపాటు. ఏ పేటలో పైపులు ఎప్పుడు మార్చారు, ఎంత ఖర్చు పెట్టారు అన్న లెక్కలతో తేల్చదగిన ఆరోపణ అది. నిజమైతే నిలబడుతుంది, కాకపోతే పడిపోతుంది.

పక్షపాతం ఆరోపణకు ఈ కొలత ఎటునుంచి వచ్చినా వర్తిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. తర్వాత ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000 రూపాయలు సాయం ప్రకటించి ఇంటింటికీ లెక్కలు తీయించింది. అలాంటి సమయంలో ఏ వార్డులోనైనా స్థానిక నాయకుడు తన మతం వాళ్ల వీధుల పేర్లే ముందు రాయించాడని ఎవరైనా అంటే, అది అడగదగిన ప్రశ్నే, చాలా తీవ్రమైన ప్రశ్న కూడా. అందులో మతం ప్రస్తావన ఉంది, అయినా అది న్యాయమైన విమర్శ. ఎందుకంటే అక్కడ ప్రశ్న అభ్యర్థి ప్రార్థన గురించి కాదు, ప్రజల డబ్బు పంచిన తీరు గురించి. అయితే అన్నవాళ్లు జాబితా చూపించాలి. ఏ వీధిలో ఎన్ని ఇళ్లు మునిగాయి, ఎన్ని పేర్లు ఎక్కాయి అని చెప్పగలగాలి. అది లేకుండా "వాళ్లకే ఇప్పించుకున్నాడు" అంటే పుకారు తప్ప ఏం లేదు.

మతం ప్రశ్న చట్టబద్ధంగానే తలెత్తే చోటు ఒకటుంది: ఎస్సీ రిజర్వుడు డివిజన్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ జాబితాలోకి వస్తారు. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ జిల్లాల దళితవాడల్లో చర్చి, బడి, ఆసుపత్రి కలిసే పెరిగాయి. ఇంట్లో ఒకరు గుడికి, ఒకరు చర్చికి వెళ్లడం ఇక్కడ వింతేమీ కాదు. అలాంటి చోట ఎస్సీ స్థానానికి నామినేషన్ వేసిన ప్రతి దళితుడి మీదా "కన్వర్టెడ్ అట" అన్న మాట పడుతుంది.

ఇది అడగకూడని ప్రశ్న అనలేం, ఎందుకంటే అర్హత చట్టంలోనే ఉంది. రిజర్వేషన్ లాభం కోసమే మతం పేరు మార్చి చెప్పుకోవడాన్ని సుప్రీంకోర్టు 2024 నవంబరులో సెల్వరాణి కేసులో తప్పుపట్టింది. మతం మారి పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. అయితే అడిగే పద్ధతి ఒకటుంది. కుల ధ్రువపత్రం చెల్లదనుకుంటే 1993 రాష్ట్ర చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్‌కు ఆధారాలతో ఫిర్యాదు చేయవచ్చు. నామినేషన్ల పరిశీలనలో అభ్యంతరం చెప్పవచ్చు. గెలిచాక ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. బాప్తిస్మం రికార్డో, పెళ్లి రిజిస్ట్రేషనో పట్టుకుని అధికారి ముందు నిలబడడం వేరు. అభ్యర్థి తల్లి అంత్యక్రియల ఫొటోను వాట్సాప్‌లో తిప్పడం వేరు. క్లినిక్ గోడ మీద సిలువ ఉందని, భర్తతో కలిసి చర్చికి వెళుతోందని ఒక మహిళా డాక్టర్‌కు ఉన్న ఎస్సీ ధ్రువపత్రాన్ని అధికారులు రద్దు చేస్తే, 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. గోడ మీద బొమ్మ మతమార్పిడికి రుజువు కాదని ఆ కోర్టు చెప్పిన మాట ఇక్కడి వీధి చర్చలకూ కావాలి.

ఇంకో విషయం గమనించాలి. ఈ నిఘా అంతా దళిత అభ్యర్థి ఇంటి మీదే ఉంటుంది. జనరల్ స్థానంలో నిలబడిన అగ్రకుల అభ్యర్థి క్రిస్మస్‌కు కేక్ కోసినా, చర్చిలో పాట పాడినా అది మతసామరస్యం అవుతుంది. మతం మారినవాళ్లకు ఎస్సీ హోదా ఇవ్వాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. దాన్ని పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఆ ప్రశ్న తేల్చే బాధ్యతను డివిజన్‌లో పోటీ చేసే ఒక దళిత మహిళ నుదుటి మీద పెట్టడం దారుణం.

నుదుటి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. మగ అభ్యర్థి బొట్టు గురించి ఎవరూ అడగరు. ఆడ అభ్యర్థి బొట్టు పెట్టుకోకపోతే ఒక మాట, బుర్ఖాలో వస్తే ఒక మాట, హారతి పట్టిన ఫొటో పెడితే "ఓట్ల కోసం" అని ఇంకో మాట. ఆమె చదువు, ఆమె వార్డు తిరిగిన తీరు, గెలిస్తే ఆమె మాట్లాడుతుందా భర్త మాట్లాడతాడా అన్న అసలు ప్రశ్నలు వెనకబడిపోతాయి.

ఇక రెండో వైపు. "మావాడి మతం చూసే అంటున్నారు" అన్న మాట కొన్నిసార్లు అక్షరాలా నిజం. ఆ మాట అన్నవాళ్లందరూ తప్పించుకోవడానికే అంటున్నారనుకోకూడదు. అయితే అడిగిన ప్రశ్నలో మతం లేనప్పుడు జవాబులోకి మతాన్ని తెచ్చేవాళ్లను గుర్తుపట్టాలి. టెండరు ఎవరికి వెళ్లింది, ఖాళీ స్థలంలో షెడ్డు ఎవరిది అని అడిగితే హిందూ అభ్యర్థి "గుడి కట్టించినవాణ్ణి, నన్నే అంటారా" అనడం, ముస్లిం అభ్యర్థి మసీదు కమిటీ పెద్దల్ని పక్కన నిలబెట్టుకోవడం, క్రైస్తవ అభ్యర్థి పాస్టర్‌తో ప్రార్థన చేయించి వీడియో వదలడం, మూడూ ఒకే రకం పనులు. మత పెద్దలు తమ వ్యక్తిగత హోదాలో ఎవరినైనా మెచ్చుకోవచ్చు. ప్రార్థన ముగిసిన వేదిక మీద నుంచి "ఈసారి మన ఓటు ఫలానావారికి" అనడం మాత్రం నియమావళి వద్దన్న పనే. పోలింగ్‌కు ముందు వారం ఏర్పాటైన అన్నదానానికీ ఇఫ్తార్ విందుకూ డబ్బు ఎవరిదని అడగడం మత విమర్శ కిందికి రాదు. అది ఎన్నికల ఖర్చు గురించిన ప్రశ్న.

చట్టంతో ఒక చిక్కుంది. 123(3) లాంటి నియమం కింద ఎన్నిక రద్దు కావాలంటే మతం పేరుతో ఓటడిగింది అభ్యర్థో, ఏజెంటో, వాళ్ల సమ్మతితో ఇంకొకరో అని రుజువు కావాలి. ఊరూ పేరూ లేని ఫార్వర్డ్‌కు ఎవరి సమ్మతి ఉందో తేల్చడం చాలా కష్టం. మతాల మధ్య శత్రుత్వం పెంచితే భారతీయ న్యాయ సంహిత 196 సెక్షన్, అభ్యర్థి వ్యక్తిగత నడత మీద తెలిసీ అబద్ధం ప్రచారం చేస్తే 175 సెక్షన్ ఉన్నాయి. కేసు తేలేసరికి ఆ కార్పొరేటర్ పదవీకాలమే అయిపోవచ్చు. కాబట్టి ఫార్వర్డ్ చేసే ముందు ఆగాల్సింది దాన్ని అందుకున్న ఓటరే.

మతంతో ముడిపడిన కోరికలు ఎన్నికల్లో అడగకూడదని దీని అర్థం కాదు. ముస్లింలకు ఖననానికి స్థలం చాలడం లేదని, క్రైస్తవుల సమాధుల తోటకు ప్రహరీ లేదని, హిందూ శ్మశానానికి వెళ్లే దారి వానాకాలంలో బురదవుతోందని చెప్పడం పౌర సమస్యే. ఆ కోరిక తీరుస్తానన్న అభ్యర్థి ఏ మతం వాడైనా, ఓటరు అడగాల్సిన వివరాలు ఒకటే: స్థలం ఏ సర్వే నంబరులో ఉంది, ఎవరి ఆక్రమణలో ఉంది, గత కౌన్సిల్ దాని మీద తీర్మానం చేసిందా, చేస్తే డబ్బు ఎందుకు విడుదల కాలేదు. కార్పొరేషన్ ప్రజా సంస్థ కాబట్టి కౌన్సిల్ తీర్మానాల నకళ్లు 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా తెచ్చుకోవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తు పెడితే పోలింగ్ లోపు కాగితం చేతికి రాకపోవచ్చు. దరఖాస్తు అంతకు ముందే పెట్టాలి.